చేయి చేసుకునే కుర్రవాడు

ఈ వారం శీర్షికలో ఎక్కువ భాగం ఒకే ఉత్తరానికి కేటాయిస్తున్నాను. రాసిన తల్లి తన పేరూ, ఊరూ వెయ్యవద్దన్నారు. అయితే ఇలాంటి ఉత్తరం రాయవలసిన ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాళ్ళకు కూడా ఈ జవాబు పనికి వస్తుంది.

"మావాడికి పదిహేనేళ్ళు, పదో తరగతి. చిన్నప్పుడు నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఈ రెండేళ్ళ నుంచీ ముట్టుకుంటే మండిపడుతున్నాడు. పోయిన నెల స్కూల్లో ఎవరో కుర్రవాడు వెనకనుంచి వేళాకోళంగా కాలరు పట్టుకు లాగితే, చేతిలో ఉన్న స్టీలు క్యారియరుతో వాడి మొహాన కొట్టాడు. కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి. హెడ్మాస్టరుగారు టీసీ ఇచ్చి పంపేస్తానంటున్నారు. వారం కిందట నేను సెల్‌ఫోను తీసుకోబోతే నా చెయ్యి మెలిపెట్టాడు. తరవాత డాబా మీదకు పోయి ఒక్కడూ ఏడుస్తూ కూర్చున్నాడు. మా అమ్మాయికి పదేళ్ళు. అన్నయ్య పక్కన కూర్చుని అన్నం తినడానికి భయపడుతోంది.

"దాచుకోవడం ఎందుకు, మావారు ఒకప్పుడు బాగా తాగేవారు. నన్ను కొట్టేవారు. అప్పుడు వీడికి మూడేళ్ళు మొదలు తొమ్మిదేళ్ళ దాకా. మంచం కింద దూరి చెవులు మూసుకునేవాడు. జబ్బు చేశాక ఆయన తాగుడు మానేశారు. ఆరేళ్ళయింది, మళ్ళీ నా మీద చెయ్యి ఎత్తలేదు. ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందనుకుంటే వీడు తయారయ్యాడు. 'తండ్రి రక్తం ఎక్కడికి పోతుంది' అంటారు మా అత్తగారు. 'బెల్టు తీస్తేగాని దారికి రాడు' అంటారు ఆయన. ఇది నిజంగా రక్తంలో ఉన్నదేనా? ఆయన్ను బెల్టు తియ్యనివ్వమంటారా?"

ఇదీ ఉత్తరం. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. కాదు, వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్పుకుందాం.

రక్తం సంగతి

కొందరు పిల్లలు పుట్టుకతోనే దుడుకుగా ఉంటారు, కొందరు నెమ్మదిగా ఉంటారు. స్వభావంలో వంశపారంపర్యంగా వచ్చే పాలు కొంత ఉన్నమాట నిజం. కాని చేయి చేసుకోవడం అనే అలవాటు రక్తంలో ప్రవహించేది కాదు. అది కొంత చూసి నేర్చుకున్నది, కొంత భయంలోంచి పుట్టినది.

చూసి నేర్చుకోవడం గురించి 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొడుతూ, తిడుతూ ఉంటే చిన్నపిల్లల చేత చూడనిచ్చాడు. తరవాత ఆ పిల్లలను అదే బొమ్మతో ఒంటరిగా వదిలితే, చూసినవాళ్ళలో చాలామంది అచ్చంగా అలాగే కొట్టారు. ఎవరూ కొట్టమని చెప్పలేదు. చూశారు, అంతే.

అయితే చూసిన ప్రతివాడూ, దెబ్బలు తిన్న ప్రతివాడూ కొట్టేవాడు అవుతాడా? అవడు. క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలు అమెరికాలో పదకొండేళ్ళ లోపు హింసకో, నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డులలో ఉన్న 908 మంది పిల్లల సంగతి చాలా ఏళ్ళ తరవాత ఆరా తీసి 1989లో ప్రచురించింది. వాళ్ళలో నూటికి 26 మంది మైనారిటీ తీరకముందే ఏదో ఒక నేరం మీద అరెస్టయ్యారు. అలాంటి కష్టం ఎరగని పిల్లలలో అది నూటికి 17. అంటే చిన్ననాటి దెబ్బ ముప్పును పెంచుతుంది, నిజమే. కాని రెండోవైపు కూడా చూడండి. నూటికి 74 మంది అరెస్టు కాలేదు. "తండ్రి పోలిక" అని నుదుట రాసేసేవారు ఈ 74 మందిని మరిచిపోతారు. రోజూ ఆ మాట వినే పిల్లవాడు మాత్రం మరిచిపోడు. "నేను ఎలాగూ అంతే" అనుకుని అలాగే తయారవుతాడు. కనుక అత్తగారి చేత ఆ ఒక్క మాట మాన్పించండి. మందులు రాయక ముందు నేను చెప్పే మొదటి పథ్యం ఇది.

ఏవేవి దెబ్బల కింద లెక్క?

ఈ ఉత్తరంలో ఒక విశేషం గమనించారా? తండ్రి కొట్టింది తల్లిని. పిల్లవాణ్ణి కాదు. "వాణ్ణి ఏనాడూ పల్లెత్తు మాటనలేదు, వాడికేమిటి కష్టం?" అని ఆ తండ్రి అనుకోవచ్చు. కాని మూడేళ్ళ పిల్లవాడికి తల్లే ప్రపంచం. ఆవిడను కొడుతుంటే చూడడం, ఏమీ చెయ్యలేక మంచం కింద దాక్కోవడం, తన ఒంటి మీద పడిన దెబ్బకు ఏమీ తీసిపోవు.

అమెరికాలోని శాండియాగోలో 9,500 మందికి పైగా పెద్దవాళ్ళను వారి బాల్యం గురించి అడిగి, 1998లో డాక్టరు ఫెలిట్టి, డాక్టరు ఆండా ప్రభృతులు ఒక పరిశీలన ప్రచురించారు. వారు లెక్కలోకి తీసుకున్నవి ఇవి: పిల్లల్ని కొట్టడం, మాటలతో హింసించడం, లైంగికంగా హింసించడం, తల్లిని కొడుతుంటే చూడడం, ఇంట్లో తాగుబోతులుగాని మత్తుమందులు వాడేవారుగాని ఉండడం, మనోవ్యాధితో బాధపడేవారు ఉండడం, ఇంట్లోవారు జైలుకు పోయి ఉండడం. వీటిలో నాలుగు, అంతకు మించి రకాలు అనుభవించినవారికి పెద్దయ్యాక తాగుడు, మత్తుమందులు, మనసు కుంగిపోవడం, ఆత్మహత్యా ప్రయత్నం అనేవాటి ముప్పు, అవేవీ ఎరగనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది.

మన వయసు పిల్లలకు దగ్గరగా ఉన్న లెక్క ఇంకొకటి ఉంది. అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంలో 2007లో 1,36,000 మందికి పైగా స్కూలు పిల్లలు ఇచ్చిన జవాబులను పరిశీలించి 2010లో ప్రచురించారు. చిన్ననాటి కష్టాల రకాలు ఒక్కొక్కటి పెరిగిన కొద్దీ కొట్లాటలు, ఇతరులను బెదిరించడం, తనను తాను గాయపరచుకోవడం వంటి వాటి ముప్పు 35 నుంచి 144 శాతం దాకా పెరుగుతూ పోయిందని తేలింది.

"అది అమెరికా సంగతి, మన ఇళ్ళలో ఇలాంటివి ఉండవు" అనుకునేవారు మన దేశం లెక్క వినండి. 2007లో కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక వెలువరించింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తింటున్నవారే. ఇంట్లో దెబ్బలు తిన్నవారిలో నూటికి 88 మందికి పైగా తల్లిదండ్రుల చేతుల్లోనే తిన్నారు. లైంగికమైన వేధింపు ఏదో ఒక రూపంలో ఎదురైందన్నవారు సగానికి పైన ఉన్నారు. అందులో మగపిల్లల సంఖ్య ఆడపిల్లలకంటే తక్కువ కాదు. మగపిల్లవాడు ఈ సంగతి నోరు విప్పి చెప్పడు. చెబితే నవ్వుతారని సిగ్గు. ఆ సిగ్గే కోపమై బయటికి వస్తుంది. చెప్పాపెట్టకుండా మారిపోయిన కుర్రవాడి విషయంలో ఈ అనుమానం కూడా ఒక మూల ఉంచుకోండి.

తాడును చూసి పామనుకోవడం

కాలరు లాగితే క్యారియరుతో కొట్టడమేమిటి? అంత చిన్న విషయానికి అంత కోపమా? అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. చీకట్లో తాడును చూసి పామనుకుని ఎగిరి గంతేసినవాడిని తలచుకోండి. పాము అని నమ్మినవాడికి ఆ గంతు సబబే. దూరంగా నిలబడి చూసేవాడికే అది విడ్డూరం.

మన మెదడులో బాదంకాయంత ఉండే అమిగ్డలా అనే భాగం ఒకటి ఉంది. ప్రమాదం వస్తే గంట కొట్టడం దాని పని. గంట మోగగానే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు రక్తంలోకి వస్తాయి. అప్పుడు మనిషి పారిపోతాడు, లేదా కలబడతాడు. లేదా కొయ్యబారిపోతాడు. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు తలుపు చప్పుడుకు వణికిన పిల్లవాడిలో ఈ గంట చాలా సున్నితంగా తయారవుతుంది. అతనికి అప్పుడది అవసరం. నాన్న చెప్పులు విడిచిన తీరును బట్టి ఈ రాత్రి ఎలా ఉంటుందో పసిగట్టగలిగితేనే మంచం కింద దాక్కునే వ్యవధి దొరుకుతుంది.

లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూనివర్సిటీ కాలేజీలో 2011లో, ఇంట్లో హింస చూసిన పిల్లల మెదడు పనితీరును స్కానింగు ద్వారా పరిశీలించారు. కోపంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపితే వారి అమిగ్డలా మిగతా పిల్లలకంటే హెచ్చుగా స్పందించింది. యుద్ధం చూసి వచ్చిన సైనికులలో కూడా ఇలాంటి మార్పే అంతకు ముందు కనిపించింది. ఆ పిల్లలకు అప్పటికి జబ్బేమీ లేదు. శరీరం కాపలా కాస్తోంది, అంతే. అలాగే అమెరికాలో కెనెత్ డాడ్జ్ అనే ఆయన, కొట్లాటలకు దిగే పిల్లలు ఎదుటివాడి చేష్ట పొరపాటుగా జరిగినా "కావాలనే చేశాడు" అని అర్థం చేసుకుంటారని చూపించాడు. చిన్నప్పుడు దెబ్బలు తిన్న పిల్లలలో ఈ ధోరణి ఎక్కువని 1990లో ఆయన బృందమే తేల్చింది.

ఇహ, "చిన్నప్పుడు లేనిది ఇప్పుడెందుకు?" అన్న ప్రశ్న. చిన్నప్పుడూ ఉంది. అప్పుడది మంచం కింద దాక్కోవడంగా, పక్క తడపడంగా, కడుపు నొప్పిగా, నోరు మెదపకపోవడంగా ఉండి ఉంటుంది. "మా అబ్బాయి ఎంత బుద్ధిమంతుడో" అని మెచ్చుకుని ఉంటారు కూడా. యుక్తవయసు వచ్చేసరికి ఒంట్లో బలం వచ్చింది. దాక్కోవలసిన అవసరం తీరింది. కాని కోపానికి పగ్గం వేసే మెదడు ముందు భాగం ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది. గంట గట్టిగా మోగుతోంది, పగ్గం ఇంకా లేతగా ఉంది. ఇదీ పదిహేనేళ్ళ వాడి పరిస్థితి.

మరి ఇలాంటి గంటను బెల్టు దెబ్బలు ఏం చేస్తాయి? ఇంకా గట్టిగా మోగిస్తాయి. "దెబ్బకు దయ్యం దిగుతుంది" అంటారు. ఈ దయ్యం దెబ్బతోనే ఎక్కింది. దెబ్బతో దిగదు.

అన్ని కోపాలూ ఒకటి కావు

కోపిష్టి కుర్రవాళ్ళందరికీ బాల్యంలో గాయమే ఉండి తీరుతుందని నేననడం లేదు. విసుక్కోవడం, తలుపు ధడాలున వేయడం, ఎదురు చెప్పడం ఈ వయసులో మామూలే. గంజాయి, మద్యం, వైట్‌నరు వంటివి పీల్చడం, తలకు తగిలిన దెబ్బ, మూర్ఛ, పుట్టుకతో వచ్చే అతి చురుకుదనం, చదువు తలకెక్కని లోపాలు, మతిభ్రమణం మొదలవుతూ ఉండడం, మనసు కుంగిపోవడం, వీటివల్ల కూడా కుర్రవాళ్ళు కొట్లాటలకు దిగుతారు. మగపిల్లల్లో దిగులు చాలాసార్లు ఏడుపుగా గాక కోపంగానే కనిపిస్తుంది. అందుచేత డాక్టరు చూడకుండా మీరే తీర్పు ఇవ్వకండి.

పాత గాయం ఉందేమోనని అనుమానించవలసిన గుర్తులు ఇవి: చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, పీడకలలు, వెనకనుంచి ఎవరైనా ముట్టుకుంటే మండిపడడం, ఫలానా మనిషిని, ఫలానా చోటును, ఫలానా వాసనను తప్పించుకు తిరగడం, కోపం వచ్చిన సమయంలో ఏం చేశాడో తరవాత సరిగా గుర్తులేకపోవడం, కోపం దిగాక సిగ్గుపడడం, ఏడవడం. ఈ కుర్రవాడు డాబా మీద కూర్చుని ఏడ్చాడన్నారు. అది మంచి గుర్తు. చేసిన పని తనకే నచ్చలేదన్నమాట. మనం పట్టుకోవలసిన కొస అక్కడుంది.

ఇంట్లో ఏం చెయ్యాలి?

మొదటిది, ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు. తండ్రి కొడుకును, తల్లి కూతుర్ని, అన్న చెల్లెల్ని, ఎవరూ. తొడపాశం, చెంపదెబ్బ కూడా ఇందులోకే వస్తాయి. ఈ నియమం పెద్దవాళ్ళకు వర్తించకపోతే పిల్లలకు వర్తించదు.

రెండోది, కోపం పట్టపగ్గాలు లేకుండా ఉన్నప్పుడు నీతులు చెప్పకండి. ఆ సమయంలో చెవులు పనిచెయ్యవు. గొంతు తగ్గించండి. రెండడుగులు వెనక్కు వేయండి. గుమ్మానికి అడ్డంగా నిలబడకండి, బయటికి పోయే దారి ఉంచండి. భుజం మీద చెయ్యి వేయకండి, చేతిలోనిది లాక్కోకండి. కత్తిపీట, రోకలిబండ లాంటివి అందుబాటులో ఉంచకండి. పాపను ముందు పక్కింటికో, మరో గదిలోకో పంపండి. "నీకు కోపంగా ఉంది. తరవాత మాట్లాడుకుందాం. నన్ను కొట్టడానికి మాత్రం వీల్లేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి.

మూడోది, మర్నాడు తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారణ చెయ్యడం కంటే, కూరగాయలకు వెడుతూనో, స్కూటరు మీద పోతూనో, పక్కపక్కన ఉన్నప్పుడు కుర్రవాళ్ళు నోరు విప్పుతారు. "ఎందుకు చేశావు?" అంటే జవాబు రాదు, వాడికే తెలియదు గనుక. "అప్పుడేం జరిగింది? ఒంట్లో ఎలా అనిపించింది?" అని అడగండి. చెవులు వేడెక్కడం, పిడికిళ్ళు బిగుసుకోవడం, గుండె దడ, ఇవి ముందుగా వచ్చే సూచనలని వాడికి తెలియాలి. అవి రాగానే అక్కడినుంచి లేచిపోవడం, చన్నీళ్ళతో మొహం కడుక్కోవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, ఇవి నేర్పవచ్చు. లేచిపోయినందుకు "మాట్లాడుతుంటే వెళ్ళిపోతావా?" అని మాత్రం తిట్టకండి. అదే మీరు నేర్పిన పాఠం మరి!

నాలుగోది చాలామంది తల్లులు తప్పేది. "పాపం, చిన్నప్పుడు నావల్ల కష్టపడ్డాడు" అన్న బాధతో అడిగిన డబ్బు, అడిగిన ఫోను, అడిగిందల్లా ఇచ్చేస్తారు. కారణం తెలుసుకోవడం వేరు, తప్పును ఒప్పనడం వేరు. దెబ్బ తగిలిన ఆ కుర్రవాడి ఇంటికి మీ అబ్బాయి తండ్రితో కలిసి వెళ్ళాలి. క్షమాపణ చెప్పాలి. కుట్లకైన ఖర్చులో కొంత తన చేతి ఖర్చులోంచి ఇవ్వాలి. ఇది అవమానించడం కోసం కాదు. చేసినదాన్ని సరిదిద్దుకోవచ్చునని అతనికి తెలియడం కోసం. మీ చెయ్యి మెలిపెట్టినందుకు కూడా ఇదే వర్తిస్తుంది. చెల్లెలికి మాత్రం విడిగా చెప్పండి: "అన్నయ్య కోపం నీ తప్పు కాదు. నీకు భయం వేస్తే వెంటనే నా దగ్గరికి రా."

తండ్రిగారికి ఒక మాట

ఈ పేజీ మీ భార్య మీ చేతికిచ్చి ఉంటే, ఇది మీకే. తాగుడు మానడం సామాన్యమైన విషయం కాదు. ఆరేళ్ళు నిలబెట్టుకున్నారు, మెచ్చుకోవలసిందే. కాని మీ ఇంట్లో ఆ పాత రోజుల గురించి ఎవరూ మాట్లాడరనుకుంటాను. మానేశారు గనుక అయిపోయిందనుకున్నారు. పిల్లవాడికి అయిపోలేదు. జరిగినది ఎవరి తప్పో అతనికి ఎవరూ చెప్పలేదు. పసిపిల్లలు సాధారణంగా ఆ తప్పు తమదే అనుకుంటారు.

కనుక బెల్టు పక్కన పెట్టి కొడుకు దగ్గర కూర్చోండి. "నీ చిన్నప్పుడు నేను తాగివచ్చి మీ అమ్మను కొట్టాను. నువ్వు చూశావు, భయపడ్డావు. ఆ తప్పు నాది. మీ అమ్మది కాదు, నీది అసలే కాదు. నేను దాన్ని మానుకున్నాను. నువ్వూ మానుకోగలవు, నేను నీకు సాయం చేస్తాను" అని చెప్పండి. తాగుడును అడ్డం పెట్టుకుని తప్పించుకోకండి. "క్షమించాను" అని అతని చేత అనిపించుకోవాలని చూడకండి. అతను కోప్పడవచ్చు, లేచిపోవచ్చు, నెల్లాళ్ళు మాట్లాడకపోవచ్చు. ఓపిక పట్టండి. కొడుకు ముందు తండ్రి తలవంచితే పరువు పోతుందని మీకనిపిస్తుందేమో. కొట్టినవాడు కూడా మారగలడని అతనికి చూపించగలవారు ఆ ఇంట్లో మీరొక్కరే.

ఒక్క మనిషి చాలు

హవాయి దీవుల్లోని కవాయీలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు నలభయ్యేళ్ళ వయసు దాకా గమనిస్తూ వచ్చారు. దరిద్రం, తాగుడు, కొట్లాటలు ఉన్న ఇళ్ళలో పెరిగిన పిల్లలలో మూడో వంతు మంది చక్కగా ఎదిగి ప్రయోజకులయ్యారు. వారిలో ముఖ్యంగా కనిపించిన విషయం ఏమిటంటే, తనను నమ్ముకున్న పెద్దమనిషి ఒక్కరైనా వారికి ఉండడం. అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, లెక్కల మాస్టారు కావచ్చు, ఆటల మాస్టారు కావచ్చు. మీ అబ్బాయికి అలాంటి మనిషి ఎవరో ఆలోచించండి. మేనమామ ఉంటే ఆదివారాలు పంపండి. కబడ్డీ, వాలీబాల్, ఈత వంటి ఆటలు, వేళకు నిద్ర, వేళకు భోజనం, ఇవి మందులకు తీసిపోవు. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి నాలుగు గంటలు నిద్రపోయినవాడికి ఎంతటి శాంతస్వభావుడికైనా కోపం వస్తుంది.

స్కూలు సంగతి: 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల చదువు కోసం వచ్చినదే అయినా, గోడకుర్చీ, బెత్తం, తరగతిలో అందరి ముందూ అవమానించడం పదో తరగతి వాడికి మాత్రం మేలు చేస్తాయా? హెడ్మాస్టరుగారిని కలిసి ఇంటి సంగతి కొంతవరకు చెప్పండి. వెనకనుంచి ఎవరూ రాని చోట, ఆఖరి బెంచీలో గోడ పక్కన కూర్చోబెట్టమనండి. కోపం వస్తే చెప్పకుండానే లేచి ఫలానా మాస్టారి దగ్గరికి వెళ్ళే అనుమతి ఇప్పించండి. టీసీ ఇచ్చి పంపితే, వీధిలో అతన్ని చేరదీసే మనుషులు వేరే ఉంటారు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ఈ ఉత్తరంలోని కుర్రవాడిని ఇప్పుడే తీసుకువెళ్ళాలి. గాయం అయ్యేలా కొట్టడం, తల్లి మీద చెయ్యి వెయ్యడం రెండూ జరిగాయి గనుక. మనోవైద్యుడంటే పిచ్చి డాక్టరని భయపడవద్దు. జిల్లా ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉందేమో వాకబు చెయ్యండి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలోను, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను, బెంగుళూరు నిమ్‌హాన్స్‌లోను వైద్యం దొరుకుతుంది. టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ 2022 నుంచి పనిచేస్తోంది. 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

అక్కడ చేసే చికిత్సలో ముఖ్యమైనది మాటలే. జరిగినదాన్ని కొద్దికొద్దిగా, భద్రంగా, తన వేగంలో చెప్పుకునేలా చేసి, ఆ జ్ఞాపకం వచ్చినప్పుడు శరీరాన్ని నిమ్మళపరుచుకోవడం నేర్పుతారు. తల్లిదండ్రులను కూడా కూర్చోబెడతారు. వారానికొకసారి చొప్పున కొన్ని నెలలు పడుతుంది. కోపానికంటూ వేరే మాత్ర లేదు. దిగులు, నిద్రలేమి, అతి చురుకుదనం వంటివి తోడుగా ఉంటే వాటికి మందులిస్తారు. నిద్రమాత్రలు కొని కాఫీలో కలిపి ఇవ్వడం లాంటి పనులు చెయ్యకండి.

చచ్చిపోతానని గాని, చంపేస్తానని గాని అన్నా, కత్తి దగ్గర పెట్టుకున్నా, జంతువులను హింసించినా, నిప్పు పెట్టినా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా ఆలస్యం చెయ్యకుండా ఆ రోజే తీసుకువెళ్ళండి. ప్రాణాపాయం ఉంటే 112కు ఫోను చెయ్యండి. పిల్లల మీద హింస జరుగుతుంటే 1098, స్త్రీల మీద జరుగుతుంటే 181. లైంగిక హింస సంగతి బయటపడితే దాచిపెట్టవద్దు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలి.

మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయిని ఒక పూట పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టి భయపెడితే మారతాడంటున్నారు. మంచిదేనా?

జవాబు: కాదు. అమెరికాలో కుర్రవాళ్ళను జైలుకు తీసుకుపోయి ఖైదీల చేత బెదిరించే పద్ధతి ఒకటి ఉండేది. 1978లో దాని మీద తీసిన డాక్యుమెంటరీకి పెద్ద పేరు వచ్చింది, ఆస్కారు కూడా వచ్చింది. తరవాత జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, అలా బెదిరించిన పిల్లలు బెదిరించని పిల్లలకంటే ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది. భయం వల్ల వచ్చిన జబ్బుకు భయం మందు కాదు. నిజంగా కేసు అయితే కూడా, పద్దెనిమిదేళ్ళ లోపు వారిని లాకప్‌లో పెట్టకూడదని, బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలని 2015 నాటి చట్టం చెబుతోంది.

ప్రశ్న: మేమూ చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిన్నాం, కోదండం వేయించుకున్నాం. బాగానే ఉన్నాం కదా?

జవాబు: సంతోషం. అయితే మీరు బాగున్నది దెబ్బల వల్ల కాదు, దెబ్బలు తిన్నాక ఒళ్ళో పడుకోబెట్టుకున్న నాయనమ్మ వల్ల కావచ్చు. మీతోపాటు దెబ్బలు తిని బడి మానేసినవారు ఈ ప్రశ్న రాయరు. మరొకటి. మీరు నిజంగా బాగున్నారో లేదో మీ భార్యను, పిల్లలను కూడా ఒకమాటు అడగండి.

ప్రశ్న: ఆడపిల్లల్లో ఈ బాధ ఉండదా?

జవాబు: ఉంటుంది. కొందరు ఆడపిల్లలు కూడా కొడతారు, వస్తువులు పగలగొడతారు. కాని ఎక్కువమందిలో ఆ కోపం తమ మీదికే తిరుగుతుంది. అన్నం మానేయడం, చేతి మీద కోసుకోవడం, ఎవరితోను మాట్లాడకపోవడం, ఊరికే మూర్ఛపోవడం వంటివి కనిపిస్తాయి. గొడవ చెయ్యరు గనుక ఎవరూ పట్టించుకోరు. నిండు చేతుల చొక్కా మండువేసవిలో కూడా విప్పని అమ్మాయిని మందలించకుండా, దగ్గర కూర్చుని అడగండి.

ప్రశ్న: మా తమ్ముడికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇప్పుడు చికిత్స చేయిస్తే ప్రయోజనం ఉంటుందా? "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు గదా?

జవాబు: ఆ సామెత చెట్లకు సరిపోతుంది. మనిషి మెదడు ఆ వయసులో ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, కొత్త అలవాట్లు నేర్చుకుంటూనే ఉంటుంది. ఇరవైల్లో, ముప్ఫైల్లో చికిత్స మొదలుపెట్టి బాగుపడినవారూ ఉన్నారు. అయితే తాను రావాలని అతనికి అనిపించాలి. చెయ్యి పట్టుకు లాక్కుపోవద్దు. మొదటి రోజు మీరు కూడా వస్తానని చెప్పి, డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చోండి.